వాక్యంలో లేని పంపు

నా ఉద్యోగం ఏమిటో మా వీధిలో ఇప్పటికీ ఎవరికీ అర్థం కాలేదు. రైతులు సలహా కేంద్రానికి ఫోన్ చేసి చెప్పుకున్న బాధలు అక్షరాలుగా మారి నా కంప్యూటర్‌కు వస్తాయి. వాక్యంలో మందు పేరుకూ, పైరుకు జరిగినదానికీ మధ్య నేనొక బాణం గీసి, పక్కన ‘తగ్గించింది’ అనో ‘పాడుచేసింది’ అనో పెట్టాలి. అలాంటివి వేలకొద్దీ చూసి, మాటల మధ్య సంబంధాలు పట్టడం యంత్రం తనంతట తానే నేర్చుకుంటుంది. రేపు ఇంకో రైతు అడిగితే దాన్నిబట్టే జవాబు చెబుతుంది. వాక్యంలో లేనిది మన ఊహతో కలపకూడదన్నది మాకు మొదటి నియమం.

ఒక మంగళవారం ఈ వాక్యం వచ్చింది. “పురుగుమందు కొట్టిన నాలుగో రోజుకల్లా రెండెకరాల మిరప ముడుచుకుపోయి పూతంతా రాలిందండి, అదండీ మా జాతకం.” పేరు తీసేశారు. కానీ ఏం చెప్పినా చివర జాతకాన్ని తగిలించే మనిషి నాకు తెలిసి ఒక్కరే, మా నాన్న.

బాణం గీయడం రెండు సెకన్ల పని. గీయలేకపోయాను. లేచాను, మంచినీళ్లు తాగాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పని. మా ఇంట్లో కలుపును చంపే గడ్డిమందు కొట్టడానికి పాత పంపు, మిరపకు పురుగుమందు కొట్టడానికి కొత్త పంపు. గడ్డిమందు కాస్త మిగిలినా మిరప ముడుచుకుపోతుంది; రెండూ కలపడమంటే ఎంగిలి కంచంలో అన్నం పెట్టడమే. అంతకు రెండు వారాల ముందు పాతది మొరాయిస్తే, కొత్తదానితో పత్తిచేను గట్టు మీద గడ్డిమందు కొట్టాను. క్రికెట్ చూసే తొందరలో కడగకుండా పాకలో పెట్టేశాను. మర్నాడు నాన్న దాంతోనే మిరపకు పురుగుమందు కొట్టాడు. తోట ముడుచుకుపోయినా నేను నోరు మెదపలేదు. నాన్న మందుల షాపాయన్ని తిడుతుంటే పక్కన నిలబడి తలూపాను కూడా. సిగ్గులేని పని.

ఇప్పుడు బాణం గీస్తే ఆ అబద్ధం యంత్రానికీ నేర్పినట్టే. బండి తీసి చేనుకు పోయాను. నాన్న మొక్కలు పీకుతున్నాడు.

“నాన్నా, మందులో తప్పేం లేదు. కొత్త పంపుతో గడ్డిమందు కొట్టి కడగలేదు నేను.”

ఆయన తలెత్తలేదు. “తెలుసురా. ఫోన్ చేసిన మర్నాడు పంపు మూత తీసి చూశా. వాసన గుప్పుమంది. షాపాయన దగ్గరికెళ్లి తప్పు నాదేనని చెప్పి వచ్చా.”

“నీదెందుకైంది? నన్ను అడగొచ్చుగా!”

“నువ్వే చెప్తావని చూస్తన్నా. ఇన్నాళ్లు పట్టిందేంరా?”

నాలుగు దెబ్బలు వేసినా అంత బాధపడేవాణ్ణి కాదు. తిరిగొచ్చి ఆ వాక్యానికి ‘సంబంధం లేదు’ అని పెట్టాను. నియమం ప్రకారం తప్పని పైవాళ్లు వెనక్కి పంపారు. మళ్లీ అదే పెట్టాను. ఈసారి కారణం రాయమన్నారు.

పంపు కడగనిది నేనేనని రాశాను.