ఏ పనీ చేయని కడియం

నా చిన్నప్పుడు మా ఇంట్లో వణకని వస్తువు లేదు. మేముండే భేస్తాన్ పేటలో కింద మరమగ్గాలు, పైన మేము. గిన్నెల మూతలు, గోడకున్న దేవుడి పటం, పడుకుంటే మా దవడలు కూడా వణికేవి. అందుకే మా వాళ్లకు వణుకంటే లెక్కే లేదు. అసలు తంటా అంతా అక్కడే వచ్చింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా నాన్న తమ్ముణ్ని నేను చిన్నబాపు అనేదాన్ని. మగ్గాల మోతకు ఒక చెవి పోగొట్టుకుని, ఎలాగో ఒక సేఠ్ దగ్గర కారు డ్రైవరుగా కుదిరాడు. రెండో చెవైనా మిగులుతుందని ఇంటిల్లిపాదీ సంతోషించాం. కానీ ఆ మహానుభావుడికి ప్రతిదీ విప్పి చూసే రోగం ఉండేది. ఒక ఆదివారం కారు కిందికి దూరాడు. ఇంజిన్ నుంచి ముందు చక్రానికి పోయే పొడవాటి ఇరుసు మీద రబ్బరుతో బిగించిన బరువైన ఇనుప కడియం ఒకటి కనిపించింది. రబ్బరు పగిలి అది వదులైంది.

"గిది చక్రం తిప్పదు, బ్రేకు వెయ్యదు. ఊకెనే ఏలాడుతున్నది" అని కోసి పారేశాడు. నేను దాన్ని తెచ్చి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాను.

మర్నాటి నుంచి కారు వేగం అందుకుంటే చాలు, సీట్లు గుయ్‌మని వణకడం మొదలైంది. మా వాడికి తెలిస్తేగా! తెలిసింది సేఠ్ తల్లికి. నడుముకు ఆపరేషన్ అయిన మనిషి, హజీరా దారిలో ఏడ్చేసిందట. రెండు రోజుల్లో బాగుచేయించు, లేదంటే తాళంచెవి ఇచ్చి పొమ్మన్నాడు సేఠ్. పోతే మళ్లీ మగ్గమే గతి. చిన్నబాపు టైర్లు మార్పించాడు, చక్రాలు సరిచేయించాడు, రోడ్డును తిట్టాడు, పాపం ఆ ముసలమ్మనూ తిట్టాడు. కడియం మాట మాత్రం ఎత్తలేదు.

మా తాత మగ్గాల ఫిట్టరు. కొడుకు చెయ్యి ఊరుకోదని ఆయనకు తెలుసు. రెండో రోజు పొద్దున్నే వాణ్ని మగ్గం దగ్గరికి లాక్కుపోయాడు. కరెంటు ఆపి, మగ్గం కాలి కింది రబ్బరు ముక్క లాగేసి, మళ్లీ నడిపించాడు. పైన మా అమ్మ గిన్నెలన్నీ దబదబా కిందపడ్డాయి. అమ్మ అరుపులు మగ్గం మోతను మించిపోయాయి.

"గీ రబ్బరు బట్ట నేస్తదారా? మరెందుకు పెట్టిన్రు? నువ్వేం పీకినవో చెప్పు" అన్నాడు తాత.

నేనే పరుగెత్తి తలుపు దగ్గరి కడియం తెచ్చి ముందు పెట్టాను. తాత నెత్తి కొట్టుకున్నాడు.

పగిలిన రబ్బరు పనికిరాదని కొత్త కడియం కొనుక్కొచ్చారు. చోటు తప్పితే అది వణుకును పట్టుకోదని, ఎక్కడ పడితే అక్కడ బిగిస్తే ఒప్పుకోలేదు తాత. ఇరుసు మీద పాతది వదిలిన మచ్చ వెతికించి, సరిగ్గా అక్కడే బిగించేదాకా కదల్లేదు. ఆ సాయంత్రం ముసలమ్మ హజీరా చేరేదాకా నిద్రపోయిందట. చిన్నబాపు ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు మా అబ్బాయి కారు సర్వీసుకు తీసుకెళ్లినప్పుడల్లా నేనూ వెంటపడతాను. ఇరుసు మీది కడియం రబ్బరును బొటనవేలితో నొక్కి చూడమంటాను. పగిలిందా, గ్రీజు అంటిందా, చోటు నుంచి జరిగిందా అని పీకమీద కూర్చుంటాను. "అరే మమ్మీ, అదేం పని చేస్తది, ఛోడో నా" అంటాడు. నా బీపీ పెరిగిపోతుంది. వాడితో వాదించను. చిన్నబాపుకు ఫోన్ కలిపి వాడి చేతిలో పెడతాను. ఆయన మగ్గాలకు దక్కకుండా మిగిలిన ఆ ఒక్క చెవికి ఫోన్ ఆనించుకుని, ఆనాటి మా తాత తిట్లన్నీ పొల్లుపోకుండా మనవడికి అప్పజెబుతాడు.