మావయ్యకి ఆర్టు వచ్చింది

ఆ రోజుల్లో నేను కళాకారుణ్ణి. రాయగడలో ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు గనక పోటీ కూడా లేదు. పెళ్ళిళ్ళ ఫోటో స్టూడియోలో లైట్లు పట్టుకోవడం నా ఉద్యోగం. (లైటే ముఖ్యం, తక్కినదంతా బటన్ నొక్కడమేనని ఇంట్లో చెప్పేవాణ్ణి.) వీధిలో మామూలు మనుషుల్ని వాళ్ళకి తెలియకుండా తీస్తే కళ అనీ, అదే నలుపు తెలుపులో తీస్తే మహా కళ అనీ ఏదో పాత పత్రికలో చదివాను. అప్పటికే మా వీధి మొగలో అద్దాలు బిగించుకుని రెడీమేడ్ దుకాణం వెలిసింది. ఇక దర్జీల పని అయిపోయిందని నేనే తీర్మానించేసి, దర్జీ అయిన మా మేనమామని చరిత్రకెక్కించడానికి పూనుకున్నాను.

దసరా జాకెట్లే మావయ్యకి ఏడాది తిండి. మిషను ముందు ఆయన కళ్ళు మూసుకున్న క్షణంలో ఫోటో తీశాను. (పనిలో లీనమైపోయాడని అందరికీ చెప్పాను. నిజానికి కునుకుతున్నాడు.) పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, కింద 'కనుమరుగవుతున్న తరం' అని రాయించాను. లైనింగు గుడ్డ కోసం అత్తయ్యతో కలిసి ఆయన పార్వతీపురం రైలెక్కగానే, మూసిన కొట్టు తలుపుకి దాన్ని తగిలించాను, తిరిగొచ్చి మురిసిపోతాడని.

మధ్యాహ్నానికి ఆ పటానికి బంతిపూల దండ పడింది. ముందు అగరొత్తులు, చుట్టూ వీధి ఆడవాళ్ళు.

"నిన్ననే నా కొలత తీసేడు బాబూ. మీ మావయ్యకి ఏటయ్యింది?" అంది పూలమ్మే అప్ప.

"ఏం కాలేదప్పా. అది ఆర్టు."

"ఆర్టే?" అని ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. మా వైపు నోళ్ళలో 'హ' నిలవదు. గుండెపోటుని కూడా ఆర్టనే అంటారు.

"అది అందరికీ రాదప్పా. పుట్టుకతో రావాలి."

"నీకూ ఉందేటి?"

"చిన్నప్పట్నుంచీ" అన్నాను గర్వంగా.

"అందుకేనేటి నీకింకా పెళ్ళి సెయ్యలేదు" అని కళ్ళు తుడుచుకుంది.

మావయ్య పార్వతీపురం వెళ్ళాడంటే ఎవరూ నమ్మలేదు. లోపల శవమేదీ లేదని చూపిద్దామని కొట్టు తెరిచాను. ఎవరి జాకెట్టు గుడ్డ వాళ్ళు ఏరుకుని, ముక్కు చీదుకుంటూ పట్టుకుపోయారు. పండగ పనంతా నా కళ్ళముందే వీధి దాటిపోయింది.

సాయంత్రం మావయ్య ఆటో దిగి, దండ వేసిన తన ముఖాన్ని చాలాసేపు చూసుకున్నాడు.

"ఫోటో బాగుందిరా. గుడ్డలేవీ?"

చెప్పాను.

"ఈడికి కెమెరా ఎవులిచ్చేరు?" అంది అత్తయ్య.

మావయ్య నా భుజం పట్టుకుని ఇల్లిల్లూ తిప్పాడు. ప్రతి గుమ్మంలోనూ ముందు ఆయన పాదాలు చూసేవారు, వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని. తరవాత గ్లాసు చేతికిచ్చి "తాగు బావా, సూస్తాం" అనేవారు. టీ లోపలికి దిగిందని రూఢి అయ్యాక గుడ్డ తిరిగిచ్చేవారు. ఒక్క ఇంటివాళ్ళూ పని వేరేవాళ్ళకి ఇవ్వలేదు. (ఆ రాత్రి మావయ్య పెరట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉన్నాడు, పాపం.)

తలుపులు తెరిచిన ఆ ముఖాల్లో ముందు భయం, ఆ వెనక అనుమానం, చివరికి పొట్ట పట్టుకుని నవ్వు. ఒక ముసలమ్మైతే మావయ్య బుగ్గ గిల్లి చూసి, నవ్వుతూనే ఏడ్చేసింది. మామూలు మనుషులు, మామూలు వీధి. అలాంటి బొమ్మలు నాకు మళ్ళీ దొరకలేదు. కెమెరా భుజానికే వేలాడుతోంది, చేతుల నిండా జాకెట్టు గుడ్డలు. కాసేపు వాటిని కింద పెట్టి ఒక్క బటన్ నొక్కుదామని ఆ మహా కళాకారుడికి తోచనే లేదు. తోచినా, మావయ్య పెట్టనిచ్చేవాడు కాదనుకోండి.