ప్రభాకర్ చెప్పమన్న మాట

నాలుగేళ్లుగా దీన్ని మోస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఉన్నదున్నట్టు చెబుతాను. పోయిన స్నేహితుడి ఆఖరి మాటను దాచేశాను. ఆ మాట ఎవరికి చేరాలో, ఆమెనే తర్వాత పెళ్లి చేసుకున్నాను.

ప్రభాకర్, సుగుణ ఈ పరాయి దేశంలో, వెస్ట్‌మీడ్‌లో మా పక్క ఫ్లాట్‌లో ఉండేవారు. ఆమె నర్సు. తొంభైలో, మే నెల మొదట్లో, తండ్రికి ఒంట్లో బాగాలేదని అతనొక్కడే దివిసీమలోని తన ఊరికి వెళ్లాడు. వెళ్లే ముందు ఇద్దరూ గట్టిగా పోట్లాడుకున్నారు. గోడ ఇవతల నాకంతా వినిపించింది. రేడియో పెట్టుకోవచ్చు కదా? పెట్టుకోలేదు.

నాలుగు రోజులకు అతను నాకు ఫోను చేశాడు.

"ఇంట్లో ఎత్తట్లేదురా, డ్యూటీలో ఉన్నట్టుంది. మళ్లీ లైను దొరుకుద్దో లేదో. తప్పు నాదేనని చెప్పరా సుగుణకి. నెలాఖరుకి వచ్చేస్తానని చెప్పు."

"అలాగేరా," అన్నాను.

సాయంత్రం ఆమె యూనిఫాంలోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఆయన మీకేమన్నా ఫోన్ చేశారా అండీ?"

"లేదండీ."

ఎందుకన్నాను? అప్పటికి ఏడాదిగా ఆమెను దొంగచూపులు చూస్తూనే ఉన్నాను. వాళ్ల మధ్య ఆ కోపం ఇంకొక్క రోజు ఉండనీ అనుకున్నాను, అడగడానికి ఆమె మళ్లీ నా గుమ్మంలోకి వస్తుందనీ, రేపు చెబుదామనీ, ఒక్క రోజుకి ఏం మునిగిపోతుందనీ అనుకున్నాను.

మర్నాడే తుఫాను. తండ్రిని మెరక మీదికి చేర్చి, పశువుల కట్లు విప్పడానికి వెనక్కి వెళ్లిన ప్రభాకర్ నీళ్లలో కొట్టుకుపోయాడు. ఆ కబురు మాకు చేరడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఇక చెబితే నా అబద్ధం బయటపడుతుందని ఆ మాట దాచేశాను.

"నా మీద కోపంతోనే పోయారు," అని సుగుణ ఏడ్చేది. నేను టీ పెట్టి ఇచ్చేవాణ్ణి. ఆస్పత్రికి దింపేవాణ్ణి. ఒక్క మాటతో తేలికపడే మనిషిని రెండేళ్లు ఓదార్చాను. ఆ ఓదార్పుతోనే ఆమె మనసు సంపాదించుకున్నాను. ఇది రాస్తుంటే నా చెయ్యి నాకే అసహ్యంగా ఉంది.

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో జపాన్ నాటకం వచ్చింది, కింద ఇంగ్లిషు అక్షరాలతో. భూకంపంలో భర్త పోయిన ఒకావిడకు, అతనితోపాటు శిథిలాల కింద చిక్కుకుని బయటపడినవాడు వచ్చి ఆఖరి మాట చెబుతాడు. సుగుణ కళ్లు తుడుచుకుంది.

"నయం. ఆవిడకి ఆ మాటన్నా దక్కింది."

టీవీ కట్టేయకుండానే చెప్పేశాను.

ఆమె అరవలేదు. "ఆయన ఎలా అన్నారో అలాగే చెప్పండి," అంది. చెప్పాను. మళ్లీ చెప్పమంది. మూడోసారీ చెప్పాను. ఆమె అతని ఎదుటే కూర్చున్నట్టు తలూపుతూ ఉంది.

మర్నాడు దూరాన టూవూంబా అనే ఊళ్లో ఉన్న తన అక్క దగ్గరికి వెళ్లిపోయింది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. అడిగే ముఖం నాకు లేదు.

మొన్న చర్చి బయట ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేశారు. "ఆ అమ్మాయికి న్యూ లైఫ్ ఇచ్చావు బాబూ. గ్రేట్ హార్ట్ నీది."

ఇలాంటి మాటలకు ఎప్పుడూ తలవంచుకుని నవ్వేవాణ్ణి.

"కాదంకుల్," అన్నాను. మెట్ల మీదే నిలబడి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను. వింటూ వింటూ ఆయన చెయ్యి తీసేశారు. నేను ఆపలేదు. చెబుతున్నకొద్దీ ఊపిరి ఆడుతోంది.