నాలుగు సాంచాల కార్ఖానాలో జర్మనీ పాట

ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మా అన్న తన కార్ఖానాలో డీవీడీ ప్లేయరుకు ప్లగ్గు పెట్టాడు. సమయం గుర్తుండటానికి కారణం ఉంది. తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె రోజులవి. బొగ్గుగనుల్లోనూ సమ్మె కావడంతో కరెంటు తక్కువైంది. సిరిసిల్లలో అన్న ఉండే వాడకట్టుకు ఆ వారం పగటిపూట పదకొండు నుంచి ఒంటిగంట వరకే కరెంటు వచ్చేది. అందరూ గడియారం చూసుకుంటూ బతుకుతున్నారు.

మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. అవి ఉండే రేకుల షెడ్డు కార్ఖానా. అన్నకు నాలుగు సాంచాలు. ఆ రోజు నాలుగూ ఆగి ఉన్నాయి. సమ్మెకు తోడుగా మూడు రోజులు సాంచాలు ఆపాలని వాడకట్టు వాళ్లు కూర్చుని అనుకున్నారు. మాట తప్పి ఎవరైనా తలుపులు వేసుకుని నడిపితే తెలియడానికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. మొదటి రోజు పొద్దున ప్రతి సాంచ మీద, నేత ఆగిన చోట, గుడ్డకు అడ్డంగా నీలం చాక్‌పీసుతో గీత గీయాలి. సాంచ నడిస్తే గీత కిందికి జరిగిపోతుంది. దాచడం కుదరదు. గీతలు గీసే పని, తిరిగి చూసే పని మా అన్నకు అప్పగించారు. ఆయన మాట మీద అందరికీ నమ్మకం.

నేను కోరుట్లలో ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పేదాన్ని. మేమూ సమ్మెలో ఉన్నాం. జగిత్యాలలో ఇంట్లో కూర్చుని ఏం చేయాలో తోచక, అన్న దగ్గరికి పోతానన్నాను. బస్సులు లేవు. ముందు రోజు సాయంత్రం మా ఆయన స్కూటర్ మీద కొడిమ్యాల మీదుగా తీసుకొచ్చి దింపిపోయాడు. నా సంచిలో రెండు చీరలు, ఒక నవల, ఒక సీడీ ఉన్నాయి.

ఆ సీడీ కోరుట్లలో మా బడి ఎదుట దుకాణం పెట్టుకున్న భాయ్ ఇచ్చాడు. సీడీలు, సెల్‌ఫోను రీచార్జులు అమ్మేవాడు. అంతకు ముందు చాలా ఏళ్లు దుబాయిలో ఏసీలు బాగుచేశాడు. అక్కడ ఒక జర్మనీ ఇంజనీరు తన దేశానికి వెళ్లిపోతూ దాన్ని ఈయన చేతిలో పెట్టాడట.

"మేడం, గిది మీరు తీస్కపోండ్రి. మూడేండ్ల సంది దుకాణంల ఉంది, ఒక్కడు ముట్టలే. పాట ఇప్పుడు మొదలైతది, అప్పుడు మొదలైతదని నేను గంట సేపు కూసున్న. మొదలే కాలే."

"మరి నాకెందుకు భాయ్?"

"మీరు లావు లావు పుస్తకాలు సదువుతరు గదా. మొదలు కాకున్నా కూసునే ఓపిక మీకుంటది."

అది జర్మనీలో వేర్వేరు వాళ్లు చేసిన పన్నెండు ముక్కలను ఒకచోట చేర్చిన సీడీ. వాళ్లలో ఒక్కరి పేరూ నేను వినలేదు. లోపల చిన్న పుస్తకం ఇంగ్లిషులో ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మీటలు తిప్పితే ధ్వని పుట్టే యంత్రాలను కొందరు తామే తయారు చేసుకున్నారట. టేపు ముక్క రెండు కొసలు అతికించి, అదే చప్పుడు మళ్లీ మళ్లీ వచ్చేలా తిప్పారట. జగిత్యాలలో మొదటిసారి పెట్టినప్పుడు మా ఆయన వంటింట్లోకి తొంగి చూశాడు.

"మిక్సీ ఖరాబైందా?"

"లేదు, పాట."

"అయితే పాటే ఖరాబైంది."

నాకు మాత్రం నచ్చింది. నేను పుట్టింది సాంచాల మధ్య. ఎక్కాలూ పద్యాలూ ఆ చప్పుడులోనే కంఠస్థం చేశాను. పెళ్లయి జగిత్యాల వచ్చాక మొదటి నెల ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని నిద్ర పట్టేది కాదు. ఈ సీడీలో ఎవరూ ఏడవరు, ఎవరూ ప్రేమించరు, ఎవరూ మనల్ని ఏమీ అడగరు. ఒక చప్పుడు మొదలై, తన పని తాను చేసుకుంటూ పోతుంది. అన్నకు వినిపించాలనిపించింది.

కార్ఖానాలో పాటల కోసం రెండు పెద్ద స్పీకరు డబ్బాలు ఉండేవి. సాంచాల మోత మీద పాట వినబడాలి కాబట్టి కార్ఖానాల్లో డబ్బాలు పెద్దవే పెడతారు. చౌరస్తాలో మైకు ఉద్యమ పాటలు హోరెత్తిస్తోంది. అది అడ్డం వస్తుందని అన్న తలుపులు దగ్గరికి వేశాడు. ఇద్దరం నూలు చుట్టే ఖాళీ బీముల మీద కూర్చున్నాం.

మొదటి ముక్కలో గాలి లాంటి మోత. రెండోదానిలో గంటలు. మూడోదానిలో ఒక ఆడమనిషి జర్మన్ భాషలో అంకెల్లాంటివేవో చదువుతుంది.

"రేషన్ దుకాణంల పేర్లు పిలుస్తున్నట్టుంది చెల్లె," అన్నాడు అన్న.

నాలుగోది మొదలు కాగానే ఆయన మాట ఆపాడు. టక టక టక టక. దాని వెనుక మోటారు లాంటి మూలుగు. మార్పు లేదు, తొందర లేదు. అన్న తల కొంచెం పక్కకు వంచి విన్నాడు. సాంచలో ఏదైనా తేడా వస్తే అట్లాగే వినేవాడు. తొమ్మిది నిమిషాల ముక్క అది. ఎనిమిదో నిమిషంలో చప్పుడు మెల్లమెల్లగా బరువెక్కి, కిందికి దిగి, ఆగిపోతుంది. తర్వాత నీళ్లు కారుతున్నట్టు చిన్న సవ్వడి.

"అరే, గిది మనోళ్లు జేసిందే," అన్నాడు. ముఖమంతా నవ్వు. రెండోసారి పెట్టమన్నాడు. అప్పుడు నేను డబ్బాల మోత ఇంకొంచెం పెంచాను. పెంచింది నేనే.

రెండోసారి నీళ్ల సవ్వడి దగ్గరికి వచ్చేసరికి ఎవరో తలుపులు తోశారు. ముందు నిలబడ్డ పెద్దాయన అదే సందులో ఆరు సాంచాల ఆసామి. అన్న ఆయన్ను కాకా అని పిలిచేవాడు. వెనుక పది మంది దాకా ఉన్నారు. ముందు రోజే ఆ కాకా, పొద్దున గీతలు గీయించుకుని కూడా, తలుపులు మూసి రెండు సాంచాలు నడిపాడు. అన్న వెళ్లి గీతలు జరిగాయని చూపించి, పనివాళ్ల ముందే స్విచ్ ఆపి వచ్చాడు.

"ఏం రా! నిన్న నా స్విచ్ బంద్ జేసిన మొగోడివి, ఇయ్యాల నువ్వే నడిపిస్తున్నవా?"

"నడుపుతలేను కాకా. చెల్లె పాట తెచ్చింది, ఇంటున్నం."

"పాటనా? నలబై ఏండ్ల సంది సాంచాల నడుమ బతుకుతున్న. సాంచ సప్పుడేదో, పాటేదో నాకు తెల్వదా? మమ్ముల జూసి బంద్ జేసినవ్."

"తలుపులు పెట్టుకొని ఎవడన్న పాట ఇంటడా?" అని వెనుక నుంచి ఒకరు.

"జర్మనీ పాట," అన్నాను నేను. అనకుండా ఉండాల్సింది. అందరూ నవ్వారు.

ఒకతను మోటారు మీద చెయ్యి పెట్టి "ఎచ్చగుంది" అన్నాడు. ఆ వేళకు రేకుల కింద అన్నీ వెచ్చగానే ఉంటాయి. అన్న కూర్చున్న బీమూ వెచ్చగానే ఉంది. కానీ ఆ మాట అప్పుడు ఎవరికి ఎక్కుతుంది?

"గిదంత ఎందుకు, గీత జూడుండ్రి," అన్నాడు కాకా.

నాలుగు సాంచాల దగ్గరా వంగి చూశారు. ఒక్కదాని మీదా గీత లేదు. కిందికి చుట్టుకున్న గుడ్డను విప్పి చూశారు, అక్కడా లేదు. అన్న చెయ్యి జేబులోకి పోయింది. మొదటి రోజు పొద్దున వాడకట్టులో ప్రతి కార్ఖానాకూ వెళ్లి గీతలు గీసి, ఇంటికి వచ్చి, చాక్‌పీసు జేబులోనే ఉంచుకుని అన్నానికి కూర్చున్నాడు. తన సాంచాల మీద గీయడం మర్చిపోయాడు. తన మీద తనకు అనుమానం లేదు కాబట్టి గుర్తు రాలేదని తర్వాత నాతో అన్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. కరెంటు ఒంటిగంటకు పోతుంది. ఈలోగా తేలకపోతే, సాయంత్రానికి ఈ మాట సిరిసిల్ల అంతా తిరుగుతుంది. బంద్ పెట్టించినవాడే దొంగచాటుగా నడిపాడంటారు. అన్నకు ఆస్తి అంటూ ఉన్నది నమ్మదగ్గవాడన్న పేరే. గడియారం పన్నెండు నలభై చూపిస్తోంది.

మాట్లాడింది నూలు కండెలు చుట్టే అవ్వ. అన్న కార్ఖానాలోనే పనిచేసేది. గుంపును తోసుకుని లోపలికి వచ్చింది.

"గట్ల మీద మీద వడుడు గాదు. ఆ పాటేదో మల్ల పెట్టు బిడ్డా. అందరం ఇందాం. అయ్యా, నువ్వు ఏడ నిలవడి ఇన్నవో ఆడికే పోయి నిలవడు."

కాకా గొణుగుతూనే తన గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఇద్దరు ఆయన పక్కన నిలిచారు. మిగతా వాళ్లు లోపల, సాంచాల చుట్టూ. నేను నాలుగో ముక్క పెట్టాను.

వాళ్లంతా ఆగి ఉన్న సాంచాలను చూస్తూ నడుస్తున్న చప్పుడు వింటున్నారు. ఒకరిద్దరు నమ్మలేక, పోగును అటూ ఇటూ మోసే నాడె వైపు వంగి చూశారు. అవ్వ కొంతసేపు విని చెయ్యి ఊపింది.

"గిది సాంచ గాదు. సాంచ కుంటుతది. నాడె ఇటు కొడితే ఒక తీరు, అటు కొడితే ఒక తీరు. గిది కుంటుతలేదు."

ఆమె చెప్పాక నాకూ వినబడింది. అన్ని రోజులు విన్నా నాకు తెలియలేదు.

చప్పుడు బరువెక్కి, దిగి, ఆగింది. కాకా వచ్చాడు. నడక మారింది.

"ఇందాక గిట్లనే మెల్లగైంది. కరెంటు పోయిందనుకొని మా ఇంట్ల లైటు బుగ్గ దిక్కు జూసిన. ఎలుగుతనే ఉంది. కరెంటుంది, సాంచలాగినయ్, అంటే నువ్వే బంద్ జేసినవనుకున్న. ఇప్పుడు సూత బుగ్గ ఎలుగుతనే ఉంది." డబ్బాల వైపు చూసి, "గీ జర్మనోనికి వోల్టేజి కష్టాలు ఎవడు జెప్పిండో," అన్నాడు.

అందరూ పెద్దగా నవ్వారు. ఆయన క్షమించమని అనలేదు. అన్న జేబులోంచి చాక్‌పీసు తానే తీసుకుని, నాలుగు సాంచాల మీదా నాలుగు గీతలు గీశాడు. గీతలు వంకరగా వచ్చాయి. తర్వాత బీము మీద కూర్చున్నాడు.

"తెలంగాణ పాటలు పెట్టక గిదేం పాటరా నీది. సరే, తర్వాతిది పెట్టు."

అయిదోది సగంలో ఉండగా కరెంటు పోయింది.

మర్నాడు పదకొండుకు కార్ఖానాలో పదిహేను మంది దాకా చేరారు. అవ్వ కండెల బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. సీడీ మొదటి నుంచి పెట్టాను. ఒక్కో ముక్క వింటూ అది ఎన్ని సాంచాల కార్ఖానానో చెప్పడం మొదలుపెట్టారు. ఒకటి పన్నెండు సాంచాలదట, అందులో రెండింటికి నూనె లేదట. ఇంకొకటి పాత మోటారట, దాని బెల్టు పట్టా జారుతోందట. గంటల ముక్క రాగానే "గీ ఆసామి గుడికి పోయిండు" అన్నాడు కాకా. గాలి మోత రాగానే "గిది బంద్ రోజు" అన్నారు. టేపును అతికించి తిప్పడం గురించి పుస్తకంలో చదివింది చెప్పాను. అన్న వెంటనే "పట్టా లెక్కనే" అన్నాడు. ఇంకెవరికీ వివరించాల్సిన పని పడలేదు. పుస్తకాల్లో సంగీతం గురించి చాలా చదివాను. అంత శ్రద్ధగా విన్నవాళ్ల పక్కన కూర్చోవడం అదొక్కసారే.

సీడీ అన్నకే వదిలి వచ్చాను. కోరుట్ల భాయ్‌కి ఈ సంగతి చెబితే చాలాసేపు నవ్వి, "అంటే మొదలైందన్నట్టు," అన్నాడు.

రాష్ట్రం వచ్చింది. సిరిసిల్ల జిల్లా అయింది. ఆ తర్వాతి ఏడు అన్న పోయాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. చివరి నెలల్లో మాట తగ్గింది కానీ ముఖంలో కోపం, భయం నేను చూడలేదు. అన్నం తక్కువ తినేవాడు, చాయ్ అడిగేవాడు, నేను పోతే పక్కన కూర్చోమనేవాడు. ఆయన గురించి ఇంతకంటే పెద్ద మాటలు రాయాలని లేదు. తలుచుకుంటే దుఃఖం కన్నా తృప్తే ఎక్కువగా ఉంటుంది. మంచి మనిషి దగ్గర పెరిగాను.

ఆ సమ్మె తర్వాత అన్న ఒక అలవాటు చేసుకున్నాడు. సాంచాలు ఆగిన రోజుల్లో, పండగకో సెలవుకో, ఆ సీడీ పెట్టేవాడు. పెట్టేముందు కార్ఖానా రెండు తలుపులూ బార్లా తెరిచి, కదలకుండా రాళ్లు అడ్డం పెట్టేవాడు. సందులో పోయేవాళ్లకు నాలుగు సాంచాలూ కనబడాలి. ఎవరూ అడగకపోయినా, ఎవరికీ అనుమానం లేకపోయినా, తలుపులు తెరిచాకే మీట నొక్కేవాడు. కాకా అటు పోతూ ఆగి, "నమ్మినం తియ్ రా," అనేవాడు. అన్న నవ్వేవాడు, తలుపులు మాత్రం వేసేవాడు కాదు.

వదినె సాంచాలు అమ్మేసి సీడీ నాకు ఇచ్చింది. ఇప్పుడు జగిత్యాలలో ఇంట్లో వింటాను. ఆ పాట పెట్టేముందు తలుపులు తెరవను, చూపడానికి ఇక్కడ సాంచాలు లేవు.