తేదీ లేని పుట్టినరోజు

మాష్టారు పోయారని మొన్న శుక్రవారం పొద్దున నేను పనిచేసే మారేడ్‌పల్లి స్కూలుకి ఫోనొచ్చింది. ఎత్తితే ఆయన భార్య గొంతు. “ప్రభువులో నిద్రించారమ్మా. రేపు మూడింటికి భూస్థాపన. నువ్వు... రావాలి” అన్నారు. ఆ మాట దగ్గర ఎందుకు ఆగారో మా ఇద్దరికీ తెలుసు. వస్తానని చెప్పి ఏడో తరగతి గదికి వెళ్లి పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

మెట్టుగూడలో మా చర్చి సండే స్కూలుకు ఆయన మాష్టారు. గుంటూరు వైపు నుంచి రైల్వే గుమాస్తాగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా నాన్న కూడా రైల్వేలోనే, ఫిట్టరు. చర్చిలో నాన్న పని ద్వారం దగ్గర నిలబడి వచ్చేవాళ్లకు పాటల పుస్తకాలు అందించడం. దానికోసం ఆదివారం గడ్డం నున్నగా గీసుకునేవాడు.

మాష్టారు పాఠం చెబుతుంటే పిల్లలం కదిలేవాళ్లం కాదు. పుస్తకం మూసి మొదలుపెట్టేవారు. “జ్ఞానులు ఎంతమంది?” అని అడిగితే ముగ్గురని అరిచేవాళ్లం. “బైబిల్లో చూసి చెప్పండి” అనేవారు. చూస్తే అంకె ఉండేది కాదు. తెచ్చిన కానుకలు మూడు, అంతే. మేం తెల్లబోతే ఆయన ముఖంలో కనబడే సంతోషం, బజారు నుంచి మిఠాయి తెచ్చిన తండ్రి సంతోషంలా ఉండేది. “ప్రశ్న అడిగితే దేవుడికేం కాదర్రా. చదవని వాళ్లకే ఇబ్బంది” అనేవారు.

ఆరాధన అయ్యాక రెజిమెంటల్ బజార్‌లో పాత పుస్తకాలు అమ్మే దుకాణానికి వెళ్లేవారు. నాకు పదిహేనేళ్లు వచ్చినప్పటి నుంచి, చదువుతానన్నవి నాకూ తెచ్చేవారు. సాయంత్రాలు వాళ్లింట్లో సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటూ, చదివినదాంట్లో నాకేం నచ్చలేదో అడిగేవారు. ఏం నచ్చిందని ఎప్పుడూ అడగలేదు. మా ఇంట్లో ఆడపిల్లను అట్లా అడిగినవాళ్లు అంతకుముందు లేరు. ఈ రోజు నేను టీచర్నయ్యానంటే ఆ సాయంత్రాల వల్లే. ఇది ముందే చెప్పాలి. తర్వాత చెప్పబోయేది చదివాక మీరు నమ్మకపోవచ్చు.

ఇంటర్ రెండో ఏడాదిలో క్రిస్మస్ కార్యక్రమానికి యువతుల తరఫున నన్ను మాట్లాడమన్నారు. “క్రిస్మస్ ఎక్కడి నుంచి వచ్చింది?” అన్న అంశం ఇచ్చింది మాష్టారే. వారం రోజులు వాళ్లింట్లో కూర్చుని రాశాను. యేసు పుట్టిన తేదీ సువార్తల్లో లేదు. రోమువాళ్ల సూర్యుడి పండుగ రోజునే సంఘం దీన్ని పెట్టుకుందని కొందరంటారు. కాదు, మరియమ్మకు దూత కబురు చెప్పింది మార్చిలో అనుకుని తొమ్మిది నెలలు లెక్కకట్టారని ఇంకొందరంటారు. రెంటికీ గట్టి రుజువు లేదు. కొన్ని దేశాల్లో జనవరిలో చేస్తారు. ఇవన్నీ రాశాక ఎట్లా ముగించాలో తెలియలేదు. మాష్టారు నా చేతిలో కాగితం తీసుకుని చివరి వాక్యం తనే రాశారు: ‘ఏ రోజు పుట్టాడో తెలియకపోయినా, పశువుల తొట్టిలో పడుకోబెట్టారని తెలుసు. మనం మరిచిపోతున్నది తేదీని కాదు, తొట్టిని.’

తడబడకుండా చదివాను. చప్పట్లు మాత్రం రాలేదు.

అప్పటికి మా సంఘం నుంచి నాలుగు కుటుంబాలు వేరే ప్రార్థనా కూటానికి వెళ్లిపోయాయి. క్రిస్మస్ అన్యుల పండుగ, చేస్తే పాపమని అక్కడ బోధించేవారు. మా పెద్దలు ఆ మంటలో ఉన్నారు. ఆ సంగతి నాకు తెలియదు. మాష్టారికి తెలుసు.

మర్నాడు నన్నూ నాన్ననూ చర్చి వెనకగదికి పిలిచారు. బల్ల చుట్టూ అయిదుగురు పెద్దలు, వాళ్ల పక్కన మాష్టారు. సంఘపెద్ద అడిగాడు. “గీ మాటలు నీకెవరు నేర్పిన్రు బిడ్డా? ఆ కూటానికి గిట్ల పోతున్నవా?”

నేను మాష్టారి వైపు చూశాను. ఆయన చెబుతారనే అనుకున్నాను. ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు.

“నేను చూసిన కాగితం వేరేనండి. అందులో ఇవి లేవు” అన్నారు మాష్టారు, బల్లనే చూస్తూ.

ఆయన చేతిరాత ఉన్న కాగితం నా బైబిల్లోనే ఉంది. తీయబోయాను. నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. “ఊకో బిడ్డా. పెద్దాయన పరేషాన్‌లో ఉన్నడు” అన్నాడు నా ఒక్కదానికే వినబడేట్టు.

తర్వాతి ఆదివారం నాన్న సంఘం ముందు నిలబడి, బిడ్డను సరిగా పెంచలేదని క్షమాపణ చెప్పాడు. నన్ను గాయకబృందం నుంచి తీసేశారు. పాటల పుస్తకాలు అందించే పని ఇంకొకరికిచ్చారు. నాన్న గడ్డం గీసుకోవడం మానలేదు గాని, ఆ తర్వాత వెనకవరసలో కూర్చుని ప్రార్థన ముగియకముందే లేచి వచ్చేసేవాడు. మరుసటి ఏడు మాష్టారు పిల్లలతో “డిసెంబరు ఇరవై అయిదున బేత్లెహేములో” అని గట్టిగా చెప్పిస్తుంటే కిటికీ బయట నిలబడి విన్నాను. వాళ్లింటికి మళ్లీ వెళ్లలేదు.

పన్నెండేళ్ల తర్వాత నాన్న పోతే, భూస్థాపనకు మాష్టారు వచ్చారు. అందరూ వెళ్లేదాకా ఉండి, నా దగ్గరికొచ్చారు.

“ఆ రోజు భయపడ్డానమ్మా. మా ఆవిడ ఉద్యోగం సంఘం బడిలో, మేముండే ఇల్లూ వాళ్లదే. ముగ్గురు పిల్లలు. నోరు అట్లా తిరిగిపోయింది.”

“ఈ మాట మా నాన్నకెప్పుడన్నా చెప్పిన్రా సార్?” అని అడిగాను. చాలాసార్లు మా ఇంటి గేటు దాకా వచ్చానన్నారు. నేను తల తిప్పుకున్నాను. ఆయన భయం నాకు అర్థమైంది. కాని గేటుకీ గుమ్మానికీ మధ్య పది అడుగులు కూడా లేవు.

శనివారం వెళ్లాను. సమాధుల తోటకు తీసుకెళ్లే ముందు చర్చిలో ఆరాధన. పాస్టరుగారు యువకుడు, కొత్తగా వచ్చాడు. మాష్టారు జీవితంలో ఒక్క సందేహం ఎరగని విశ్వాసి అన్నాడు. విని నాకు నవ్వు రాలేదు, కోపమే వచ్చింది. నాకు తెలిసిన మనిషిని, సాసర్లో టీ ఊదుకుంటూ తెల్లవారేదాకా సరిపడా ప్రశ్నలు వేసే మనిషిని, గోతిలోకి దించకముందే పాతేసినట్టు అనిపించింది. ఆయన భార్య వెనక్కి తిరిగి నన్ను చూసి, లేచి మాట్లాడమని సైగ చేశారు.

లేచాను. “క్రిస్మస్ తేదీ బైబిల్లో లేదని నాకు మొదట చెప్పింది మాష్టారే. నేనిక్కడ చదివిన కాగితంలో చివరి వాక్యం ఆయన చేత్తో రాశారు. ఆ తర్వాత రాయలేదన్నారు. దానికి మా నాన్న ఇక్కడే నిలబడి క్షమాపణ చెప్పిండు. నాకు ఆలోచించడం నేర్పింది కూడా ఈయనే. రెండూ నిజమే” అని కూర్చున్నాను. ఆయన భార్య తలవంచుకున్నారు గాని, నా మీద కోపం మాత్రం ఆ ముఖంలో లేదు.

అంతా బయటికి నడుస్తుంటే, ఆనాడు నన్ను ప్రశ్నించిన సంఘపెద్ద నా పక్కకొచ్చాడు. తొంభై దగ్గరపడ్డాయి, చేతికర్ర ఉంది.

“మాకు గప్పుడే ఎర్కే బిడ్డా. అవి మాష్టారి మాటలేనని అందరికి ఎర్కే” అన్నాడు.

“మరి మా నాన్ననెందుకు నిలబెట్టిన్రు?”

“మీ నాయిన ఎదురు చెప్పడని” అన్నాడు.

ముందు మెట్లున్నాయి. ఆయన నాకు చెయ్యి చాపాడు. మిగతావాళ్లంతా ముందు వెళ్లిపోయారు. కాసేపు ఆ చేతినే చూసి, మోచెయ్యి పట్టుకున్నాను. మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి పీల్చుకుంటూ దిగాడు. ప్రహరీ పక్క ఇంట్లో ఎవరో డాబా మీద క్రిస్మస్‌కి కాగితపు నక్షత్రం కట్టి, లోపలి బల్బు వేసి చూస్తున్నారు. మధ్యాహ్నపు ఎండలో అది వెలుగుతోందో లేదో కిందినుంచి తెలియడం లేదు.