ఘాటెక్కితే తడబడే కారు

రిటైరవడానికి రెండేళ్ల ముందు నన్ను వికారాబాద్ సర్వీస్ సెంటర్‌కు ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. మెకానిక్‌లు చేసిన పని సరిచూసి జాబ్‌కార్డు మీద సంతకం పెట్టడం ఫోర్‌మన్ పని. పని బాగుంటే పేరు మెకానిక్‌ది, చెడితే సంతకం మాది.

నేను చేరిన మరుసటి ఏడు, వానలు మొదలవబోతుండగా, తాండూరు పశువుల డాక్టర్ సునీత గారు తన కారు తెచ్చారు. పన్నెండేళ్ల టర్బో పెట్రోల్ బండి. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపి, చిన్న ఇంజిన్ చేత పెద్ద చాకిరీ చేయించే పరికరం టర్బో. ఈ కారు చదును రోడ్డు మీద పెళ్లిచూపులకొచ్చిన వరుడంత బుద్ధిగా నడిచేది. అనంతగిరి ఘాటెక్కేటప్పుడు మాత్రం తడబడి, కుదిపి, ఒక్కోసారి ఆగిపోయేది.

ముందు వారం ఆమె గొర్రెల టీకా మందు ఐసుపెట్టెలో పెట్టుకుని వికారాబాద్ నుంచి యాలాల్ వెళ్తుంటే, ఘాటు మీదే ఆగింది. ఐసు కరిగి మందు పాడైంది. పొద్దుటి నుంచి మందలను ఆపుకుని కూర్చున్న కాపరులు ఆమెను నానా మాటలూ అన్నారు. వానలు పడితే రోగం దిగుతుందని వాళ్ల భయం.

మేం స్కానర్ పెట్టాం. మిస్‌ఫైర్ అని కోడ్ వచ్చింది. అంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగా అంటుకోవడం లేదు. ఏ సిలిండరో అది చెప్పలేదు. ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిల్‌లను ఒక్కొక్కటీ విప్పి చూశాం. తప్పు కాయిల్‌దైతే నిప్పురవ్వ రాకూడదు. వచ్చింది. గాలి గొట్టాలకు సబ్బునీళ్లు పూసి బుడగల కోసం చూశాం. పెట్రోల్ ప్రెషర్ కొలిచాం. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. సర్వీస్ మేనేజర్ కుర్చీలోంచి లేవకుండానే టర్బో మార్చేయమన్నాడు. మా దగ్గర అర్థం కాని జబ్బుకు అన్నిటికన్నా ఖరీదైన భాగమే మందు. నేనూ తలూపాను.

డాక్టర్ గారు ఊపలేదు. "ఒక్కపారి ఘాటెక్కి సూడుండ్రి, ఫోర్‌మన్ సాబ్. గొర్రెను పండవెట్టి సూస్తే దాని నడక తెలుస్తదా?" అన్నారు.

ఆమే నడిపారు. పక్కన ఒళ్లో స్కానర్‌తో నేను. వెనక సీట్లో యాలాల్ కాపరి మల్లయ్య, జిల్లా పశువుల ఆసుపత్రిలో చూపించుకుని తిరిగి వెళ్తున్న అతని పొట్టేలు. కంపెనీ టెస్ట్‌డ్రైవ్ నిబంధనల్లో పొట్టేలు ప్రస్తావన లేదు గానీ, దాని బరువు పనికొచ్చింది. రెండో మలుపులోనే కారు కుదపడం మొదలుపెట్టింది.

"సారూ, నీ పెట్టె ఏమంటున్నది?" అని మల్లయ్య అడిగాడు.

నాలుగు సిలిండర్లూ తప్పుతున్నాయంటోందని చెప్పాను.

"బండి ఎగురుతున్నదని మాకు గూడ తెలుస్తనే ఉన్నది. ఇగ పెట్టెందుకు?"

డాక్టర్ గారు అందుకున్నారు: "ఎప్పటిసంది గిట్ల అయితుందని మీరు ఒక్కరన్న అడిగిండ్రా? మేం బర్రె కాడికి పోతే ఫస్టు అడిగేదే గది."

అడిగాను.

"ఎండాకాలంల మీ దగ్గర సర్వీసింగ్ చేయించినప్పటిసంది."

కారు వెనక్కి తిప్పించాను. సెంటర్‌లో పాత జాబ్‌కార్డు తీయిస్తే, నాలుగు స్పార్క్ ప్లగ్గులు మార్చినట్టు రాసి ఉంది. విప్పి చూస్తే అవి టర్బో లేని మోడల్‌కు వేసేవి. పైకి కవలల్లాగే ఉంటాయి, కానీ నిప్పురవ్వ దూకాల్సిన సందు వీటికి ఎక్కువ. చదును మీద రవ్వ ఎలాగో దూకుతుంది. ఘాటెక్కేటప్పుడు టర్బో ఒత్తే గాలిలో అంత సందు దాటలేదు. స్టోర్‌లో రెండు రకాలూ ఒకే అరలో ఉండేవి. డబ్బా మీది నంబరు చూసి సంతకం పెట్టాల్సింది ఫోర్‌మన్. కార్డు కింద ఉన్న సంతకం నాదే.

ప్లగ్గులు పాతబడ్డాయని చెప్పి పంపేయమని మేనేజర్ సలహా ఇచ్చాడు. నేను నిజం చెప్పాను. అది నీతి కొద్దీ కాదు. ఆమె అప్పటికే రెండు రకాల ప్లగ్గులూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నారు. ఈలోగా పొట్టేలు మేనేజర్ గది ముందున్న పూలకుండీలు ఖాళీ చేసింది.

"నేను తప్పు సూదేస్తే మంద కాడికి వోయి ఒప్పుకుంట. మీరు గూడ రాండ్రి," అన్నారు డాక్టర్ గారు.

సరైన ప్లగ్గులు వేశాం. మర్నాడు కొత్త టీకా మందుతో ఘాటు మీద ఎక్కడా ఆగకుండా యాలాల్ చేరాం. ఆ రోజు మందు పాడవడం డాక్టరమ్మ తప్పు కాదు, నాదేనని కాపరుల ముందు చెప్పి, పాత ప్లగ్గు చూపించాను. మల్లయ్య తల్లి దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీ యేలంత పుల్లకేనా మా డాక్టరమ్మను గన్ని మాటలంటిమి? ఊకె నిలవడ్డవేంది మరి, గొర్లను వట్టు!"

మధ్యాహ్నం దాకా పట్టుకున్నాను. చొక్కా మళ్లీ తొడుక్కోవడానికి పనికి రాలేదు. ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి కాబట్టి రోగం దిగకముందే టీకాలు పడ్డాయి. అందులో నా గొప్పేమీ లేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, బండి రాగానే స్కానర్ పెట్టకముందే, ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగేవాణ్ణి. "మీ సర్వీసింగ్ తర్వాత" అని జవాబొస్తే ఇంజిన్ కన్నా ముందు మా జాబ్‌కార్డు తెరిచేవాణ్ణి. చాలాసార్లు ఇంజిన్ దాకా పోవాల్సిన అవసరం రాలేదు.