పేరు అడగకూడని మందు

మా చోడవరంలో ఆయాసం ఉన్న మనిషి కనబడితే ప్రతివాళ్ళూ వైద్యులే. నేను బ్లౌజులు కుట్టి బతుకుతాను. కొలతలకి వచ్చిన ఆడవాళ్ళు చేతులెత్తి నిలబడే ఆ రెండు నిమిషాల్లో నా ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తే చాలు, జాకెట్టు సంగతి వదిలేసి మందు సంగతి ఎత్తుకుంటారు. ఒకామె వేడినీళ్ళలో వాము వేసి ఆవిరి పట్టమంటుంది. ఇంకొకామె అడ్డసరం ఆకు రసంలో తేనె కలుపుకోమంటుంది. పిప్పళ్ళు నేతిలో వేయించి పొడి కొట్టుకోమని ఒకరు, కాచిన కొబ్బరినూనెలో కర్పూరం వేసి వీపుకి రాయించుకోమని ఒకరు. భార్యని తీసుకొచ్చి గుమ్మంలో నిలబడిన ఒక పెద్దాయన, ఎండిన ఉమ్మెత్తాకు చుట్టలా చుట్టి పీల్చమన్నాడు. "ఊరుకోండి, సంపేస్తారేటి పిల్లని!" అని ఆయన భార్య కసిరింది. నాకప్పుడు నలభై దగ్గర పడుతున్నాయి. పిల్ల అనిపించుకున్నందుకు ఆ పూటంతా సంతోషంగానే ఉన్నాను.

ఉమ్మెత్త చుట్ట తప్ప మిగిలినవన్నీ చేశాను. అబద్ధమెందుకు, కొన్ని హాయిగానే ఉండేవి. వాము ఆవిరికి ముక్కు తెరుచుకునేది. శొంఠి కషాయానికి గొంతు సర్దుకునేది. మిరియాల పాలు తాగితే కాసేపు కునుకు పట్టేది. కానీ చెరకు కొట్టే రోజులొచ్చాయంటే వీటిలో ఏదీ నిలబడదు. కోసిన మళ్ళలో ఎండాకు తగలబెడతారు, దానికి బెల్లం పొయ్యిల పొగ తోడవుతుంది. ఊరంతా ఎంత తియ్యటి వాసనో అని బయటివాళ్ళు ముచ్చట పడతారు. నాకు ఆ రోజుల్లో పక్క వీధికి నడిచి వెళ్ళాలన్నా భయమే. హ్యాండుబ్యాగులో ఉన్న పంపు ఒక్కటే దిక్కు. ఇన్‌హేలర్‌ని మా వైపు అందరూ పంపు అనే అంటారు.

ఆ పంపుని నా చేత పారేయించింది మా పెద్దమ్మ.

ఆవిడ మా అమ్మకి అక్క. దేవరాపల్లి వెళ్ళే దారిలో ఒక పల్లెలో ఉంటుంది. అమ్మ పోయాక నాకు పుట్టింటి గడప అంటే ఆవిడదే. మా అమ్మమ్మ దగ్గర్నుంచి ఆయాసం మందు ఆవిడ చేతికి వచ్చింది. ఆదివారం పొద్దున్నే పరగడుపున వచ్చినవాళ్ళని అరుగు మీద వరసగా కూర్చోబెట్టి, అరచేతిలో చిటికెడు బూడిదరంగు పొడి పోస్తుంది. తూర్పుకి తిరిగి, పంటికి తగలకుండా మింగాలి. మిగతా ఆరు రోజులకీ పొట్లాలు కట్టి ఇస్తుంది. డబ్బు ముట్టుకోదు. నలభై రోజులు పెరుగు, అరటిపండు, గుమ్మడికాయ ఇంట్లోకి రాకూడదు. పంపు అసలే కూడదు, పంపు కొట్టిన ఒంటికి ఆకు పట్టదంటుంది. అన్నిటికంటే గట్టి కట్టడి ఇంకొకటి ఉంది. అందులో ఏముందో అడగకూడదు. అడిగితే మందు చచ్చిపోతుంది. అడిగినవాళ్ళకి ఆ తర్వాత ఎన్నాళ్ళు తిన్నా పనిచేయదు.

చదువుకున్నదాన్నే అయినా దీనికి నేను నవ్వలేదు. మా అమ్మమ్మ కూడా అలాగే చేసేది. ఆకు నూరేటప్పుడు రోటి మీద కొంగు కప్పేది. చిన్నపిల్లలం కదా, చుట్టూ చేరి వాసన పట్టేవాళ్ళం. అడ్డసరమని తెలిసిపోయేది, పిప్పళ్ళ ఘాటు కూడా తెలిసేది. ఒక్కరమూ నోరు మెదిపేవాళ్ళం కాదు. నోటిదాకా వచ్చిన మాటని మింగేయడం మా ఇంట్లో అందరికీ చిన్నప్పుడే అలవాటైంది.

మూడు సీజన్ల కిందట, పొగ మరీ ఎక్కువైన రోజుల్లో ఆ పొడి మొదలుపెట్టాను. వారం తిరక్కుండానే నా ఛాతీలో కూతలు ఆగిపోయాయి. నిజంగా ఆగిపోయాయి. చెరకు లారీ వెనకాలే స్కూటీ మీద వెళ్ళి వచ్చాను. రెండంతస్తులు ఎక్కి ఒకావిడకి పెళ్ళి జాకెట్లు ఇచ్చి, పైన నిలబడి ఆవిడతో కబుర్లు కూడా చెప్పాను. ఇంటికొచ్చి పంపుని చెత్తబుట్టలో వేసి, ఆ సంగతి పెద్దమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ తర్వాత దగ్గుతూ వచ్చిన ఏ ఆడమనిషినీ నేను ఊరికే వదల్లేదు. మిషను దగ్గర కూర్చునే ఆ పల్లెకి దారి చెప్పేదాన్ని. ఏ ఆటో ఎక్కాలో, ఎక్కడ దిగాలో, ఏమి అడగకూడదో అన్నీ నేనే చెప్పి పంపేదాన్ని.

నలభై రోజుల మందు కాస్తా మూడేళ్ళ మందు అయింది. ఆపితే నాలుగు రోజుల్లో ఆయాసం రెట్టింపై వచ్చేది. పాతుకుపోయిన రోగం కదా, వేళ్ళు ఊడి రావడానికి టైము పడుతుందని పెద్దమ్మ అంది. ఈలోగా నా ముఖం గుండ్రంగా తయారైంది. "సూడు, మొఖం ఎలా నిండిందో! ఊపిరాడితే తిన్నది ఒంటికి పడతాది" అని ఆవిడ నా బుగ్గలు పుణికేది. నేను నా జాకెట్ల కుట్లు విప్పుకుని వదులు చేసుకుంటూ వచ్చాను. పొట్ట పెరిగింది, మెడ వెనక కండ పెరిగింది, చేతులు మాత్రం సన్నబడ్డాయి. ఇన్నేళ్ళుగా టేపు పట్టినదాన్ని, ఒళ్ళు చేసిన మనిషికి చేతులు సన్నబడవని నాకు తెలీదా? ఇంకొకరి కొలతలైతే వెంటనే అడిగి ఉండేదాన్ని. ముంజేతుల మీద దెబ్బ తగలకుండానే నల్లమచ్చలు వచ్చేవి. తర్వాత షుగరు వచ్చింది. వయసు అనుకున్నాను.

ఈమధ్య ఒకరోజు మిషను కొంచెం జరుపుదామని ఎత్తబోతే వీపులో టక్కుమంది. అనకాపల్లిలో ఎక్స్‌రే తీశారు. ఒక వెన్నుపూస నలిగిందన్నారు. అక్కడి డాక్టరు ఫిల్ము చూడ్డం మానేసి నా ముఖం చూడసాగాడు.

"ఏం పొడి తింటున్నారమ్మా?" అన్నాడు.

ఏమీ లేదన్నాను. మళ్ళీ అడిగితే ఆకుమందు అన్నాను. ఆకులకి ముఖం ఇలా ఉబ్బదనీ, ఎముక ఇలా గుల్లబారదనీ, అందులో స్టెరాయిడ్ కలుస్తోందనీ ఆయన నెమ్మదిగా చెప్పాడు. నేను నెమ్మదిగా వినలేదు. మా పెద్దమ్మ నాకు విషం పెడుతుందా అని ఆ గదిలో అరిచేశాను. బయట వరసలో ఉన్నవాళ్ళు తొంగి చూశారు. రక్తపరీక్షలో ఆయన చెప్పిందే తేలింది, ఇక అరవడానికి ఏమీ మిగల్లేదు. ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ముప్పు, కొలత ప్రకారం తగ్గించుకుంటూ రావాలి అన్నాడు. మాత్రలు రాసి, పంపు కూడా మళ్ళీ రాశాడు. పంపులో ఉండేదీ ఆ జాతి మందే, కానీ అతి కొద్దిగా, సూటిగా ఊపిరితిత్తుల్లోకే వెళుతుందట. అంటే నేను కూడదని పారేసినదాన్నే, దానికి ఎన్నో రెట్లు, పరగడుపున మూడేళ్ళు మింగాను.

ఇంటికి రాగానే నేను పంపినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. ఉన్నపళంగా మానకండి, డాక్టరుకి చూపించుకోండి అని చెప్పాను. ఒకామె నన్ను దులిపేసింది. "ఎల్లమన్నదీ నువ్వే, వద్దన్నదీ నువ్వే. డాక్టర్లు ఆకుమందుని ఎప్పుడు మంచిదన్నారు సెప్పు?" అని ఫోన్ పెట్టేసింది.

అప్పటికీ పెద్దమ్మ మీద నాకు అనుమానం లేదు. ఆవిడని ఎవరో మోసం చేసి ఉంటారనుకున్నాను. నడుముకి బెల్టు కట్టుకుని ఒక బుధవారం సాయంత్రం ఆటోలో వెళ్ళాను. పెద్దమ్మ గడ్డికి వెళ్ళింది. మనవరాలు ఒక్కతే ఉంది, ఆవిడ కొడుకు కూతురు. వేరే ఊళ్ళో తల్లిదండ్రుల దగ్గర పెరిగిన పిల్ల, తొమ్మిదో తరగతికని ఈ ఏడే ఇక్కడికి వచ్చింది. నాకు మంచినీళ్ళు ఇచ్చి, దగ్గుతూ పక్కన కూర్చుంది. ఆ దగ్గు నాకు తెలిసిన దగ్గే. చూస్తుండగానే స్కూలు బ్యాగులోంచి పంపు తీసింది. ఊపింది, ఊపిరి వదిలింది, నొక్కి పీల్చింది, కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టింది. ఎవరో దగ్గర కూర్చుని నేర్పినట్టుగా చేసింది.

"మామ్మ పొడి నువ్వు తినవా?" అన్నాను.

"వద్దన్నాది మామ్మ. డాక్టరు ఇచ్చిందే కొట్టుకో, నా పొట్లాలు ముట్టుకున్నావంటే సెయ్యి ఇరగ్గొడతానన్నాది. పంపు అయిపోతే మామ్మే బస్సెక్కి ఎల్లి తెస్తాది."

పెద్దమ్మ గడ్డిమోపుతో వచ్చింది. నన్ను చూసి ముఖం విప్పారింది. "ఏటే గుంటా, ఆదివారం కాని రోజు వచ్చేవు?" అంది. మోపు దించేదాకా కూడా నేను ఆగలేకపోయాను.

"పెద్దమ్మా, పొడిలో ఏటి కలుపుతన్నావు?"

ఆవిడ నిలబడ్డచోటే నిలబడిపోయింది. "అడిగేసేవా" అంది. "మూడేళ్ళ మందు మట్టి సేసేసేవు కదే!" ఆ బాధ నటన కాదు. నా వీపు సంగతి, డాక్టరు మాటలు చెప్పాను. మోపు దించి అరుగు మీద కూలబడి, చేతులకంటిన గడ్డి దులుపుకుంది.

"అమ్మ ఇచ్చిన ఆకుతో ఇప్పుడెవలికి ఆయాసం ఆగుతాదే? వచ్చినోల్లు రెండు వారాలు సూసి ఎలిపోయేవోల్లు. సంతలో మందులమ్మే ఆయన తెల్లపొడి ఇచ్చేడు, ఒక సెంచాడు కలుపుకో, నీ ఆకు పేరు నిలబడతాదన్నాడు. కలిపితే నిలబడ్డాది. అదేటో నాకు తెల్దు. నానేటి సదూకున్నానా?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి ఒక్క క్షణం మెత్తబడ్డాను. ఇన్నేళ్ళ అలవాటు, ఆవిడ ఏడిస్తే నాకు ఏడుపొస్తుంది. అంతలో గుమ్మంలో పిల్ల మళ్ళీ దగ్గింది. ఒళ్ళు మండిపోయింది నాకు.

"ఏటో తెలీని మందని దానికి పెట్టలేదు. మరి నాకెలా పెట్టేవు?"

పెద్దమ్మ నన్ను వింతగా చూసింది. ఈ మాత్రం తెలీదా అన్నట్టు చూసింది.

"అది మా ఇంటి పిల్ల కదే" అంది.

కోపంగా అనలేదు. దాచుకుంటూ అనలేదు. నేను అర్థం చేసుకుంటానన్న ధీమాతో, నా చెయ్యి పట్టుకుని మరీ అంది.